నిద్రాకాలపు లెక్క: గడియ గిన్నె నుంచి కెర్నెల్ టైమర్ వరకు

కాలాన్ని లెక్కించే సాధనం వేరు, ఆ లెక్కను సరిచూసే ప్రమాణం వేరు. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ చరిత్రలో ఈ భేదం యంత్రం సస్పెండ్ అయి తిరిగి మేల్కొనే సందర్భంలో స్పష్టమవుతుంది. అయితే తెలుగువారి కాలగణనకు ఇది కొత్త సమస్య కాదు. ఆ నేపథ్యంలో హార్డ్‌వేర్ టైమర్ల నిర్వహణ పరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అడుగున సన్నని రంధ్రం గల రాగి గిన్నె నీటిపై ఉంచితే అహోరాత్రంలో 60 సార్లు మునగాలని సూర్యసిద్ధాంతం నిర్దేశించింది. ఒక మునక ఒక గడియ, అనగా 24 నిమిషాలు. ఎన్నిసార్లు మునిగిందో గిన్నెకు తెలియదు. దాన్ని ఎత్తి మళ్ళీ నీటిపై ఉంచే మనిషి లెక్కపెట్టుకోవాలి. అతడు కునుకు తీస్తే గిన్నె అడుగునే ఉండిపోతుంది, ఆ మధ్యకాలం లెక్కకెక్కదు. తప్పిన లెక్కను సూర్యుని వల్లనో నక్షత్రాల వల్లనో పూరించుకోవాలి.

రైలు వచ్చాక ఈ బాహ్యప్రమాణం ఆకాశం నుంచి తంతికి మారింది. ముదిగుబ్బ మీదుగా ధర్మవరం–పాకాల మీటర్‌గేజి మార్గం 1890ల తొలి ఏళ్ళలో ఏర్పడేనాటికి రైల్వేలకు మద్రాసు కాలం ప్రమాణం. అది గ్రీనిచ్ కాలానికి 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుండేది. ముదిగుబ్బ మద్రాసుకు సుమారు రెండుంపావు డిగ్రీలు పడమరగా ఉన్నందున ఇక్కడి సూర్యుడు దానికి దాదాపు 9 నిమిషాలు వెనుక. 1906 జనవరి 1న 82.5 డిగ్రీల రేఖాంశంపై ఆధారపడిన భారత ప్రామాణిక కాలం అమలులోకి రావడంతో ఆ అంతరం 18 నిమిషాలైంది. స్టేషన్ గడియారం ఆగిపోతే ఊరి నీడను చూసి సరిచేయడానికి ఇక వీలులేదు.

1981లో వచ్చిన ఐబిఎం పీసీ స్థితి గడియ గిన్నెకు దగ్గరగా ఉంది. అందులోని టైమర్ చిప్ సెకనుకు సుమారు 18.2 సార్లు ప్రాసెసర్‌ను పలకరించేది. విద్యుత్తు ఆపితే లెక్క పోయేది. అందుకే ప్రతి ఆరంభంలోనూ డాస్ తేదీ, సమయం వాడుకరినే అడిగేది. 1984 నాటి పీసీ ఏటీలో బ్యాటరీతో నడిచే గడియారపు చిప్ చేరింది. యంత్రం నిద్రించినా అది నడుస్తూనే ఉంటుంది. 1992లో ఏపీఎం, 1996లో ఏసీపీఐ ప్రమాణాలు వెలువడి ల్యాప్‌టాప్‌ల నిద్ర నిత్యకృత్యమయ్యాక ఈ రెండు గడియారాల మధ్య పొంతన కుదర్చడం కెర్నెల్ బాధ్యత అయింది.

లినక్స్ పద్ధతి చూద్దాం. సస్పెండ్‌కు ముందు కెర్నెల్ బ్యాటరీ గడియారాన్ని చదివి టైమర్లను నిలిపివేస్తుంది. మేల్కొనగానే మళ్ళీ చదివి, వ్యత్యాసాన్ని నిద్రాకాలంగా గుర్తిస్తుంది. బ్యాటరీ గడియారం సాధారణంగా పూర్తి సెకన్లనే చెబుతుంది కనుక ప్రతి నిద్రలోనూ కొద్దిపాటి శేషం మిగులుతుంది. పదేపదే నిద్రించే యంత్రంలో ఈ శేషాలు పోగుపడకుండా కెర్నెల్ పాత వ్యత్యాసాన్ని గుర్తుంచుకుంటుంది. వడ్డీ లెక్కల్లో పైసలను వదలని షావుకారు పద్ధతి ఇది.

అసలు వివాదం వేరే చోట ఉంది. నిద్రాకాలాన్ని గోడగడియారపు సమయానికి కలపడంలో సందేహం లేదు. నడుస్తున్న గడువులకు కలపాలా? పది నిమిషాల టైమర్ మూడు నిమిషాలు నడిచాక యంత్రం ఎనిమిది గంటలు నిద్రించిందనుకుందాం. లినక్స్‌లోని ‘క్లాక్ మోనోటోనిక్’ ప్రకారం మేల్కొన్నాక ఇంకా ఏడు నిమిషాలున్నాయి. నిద్రను కూడా లెక్కించే ‘క్లాక్ బూట్‌టైమ్’ 2011లో 2.6.39 రూపంలో చేరింది. దాని ప్రకారం గడువు ఎప్పుడో తీరింది. అదే ఏడాది 3.0 రూపంలో, నిద్రలో ఉన్న యంత్రాన్ని బ్యాటరీ గడియారం చేత లేపించే అలారం టైమర్లు వచ్చాయి. ‘మోనోటోనిక్’ అన్న పేరు ఈ విషయంలో కొంత తప్పుదోవ పట్టిస్తుందని నా అభిప్రాయం. అది వెనక్కి నడవదని మాత్రమే చెబుతుంది, ఆగదని చెప్పదు. తెలుగులో పారిభాషిక పదం కల్పించేవారు ఈ సంగతి గమనించాలి.

2018లో 4.17 రూపం తయారీలో ఈ రెండు గడియారాలనూ ఒకటి చేశారు. సిద్ధాంతరీత్యా అది సమంజసమైన ఏకీకరణే. కాని మేల్కొన్న యంత్రాల్లో, గడువులోగా పలకని సేవలను ఆపివేసే కాపలా వ్యవస్థ నిద్రాకాలాన్ని కూడా వాటి ఆలస్యంగానే ఎంచి, సక్రమంగా ఉన్న సేవలను నిలిపివేసింది. ఆ రూపం విడుదల కాకముందే మార్పును ఉపసంహరించారు. నేటికీ లినక్స్‌లో అవి రెండూ వేర్వేరుగానే కొనసాగుతున్నాయి. ఏ గడువుకు ఏది వాడాలో ప్రోగ్రాం రాసేవారే నిర్ణయించుకోవాలి.