బోర్లా పడుకో, నోరు తెరువు

2025 మే 7 సాయంత్రం నాలుగింటికి హైదరాబాదులో సైరన్లు మోగాయి. సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలిల్లో పౌర రక్షణ కసరత్తు చేశారు. టీవీలో అది చూసిన మా మనవరాలు ఇక్కడ తాండూరులో, నాపరాళ్లు పరిచిన వసారాలో బోర్లా పడుకుని చెవులు మూసుకుంది.

"అట్ల గాదు బిడ్డా, మోచేతుల మీద ఆనుకో. ఛాతీ బండకు తగలొద్దు. నోరు జర తెరువు."

"నోరెందుకు తాతా?"

అడగాల్సిన ప్రశ్నే. బాంబు పేలితే గాలి ఒక్కసారిగా తోసుకొస్తుంది. నోరు తెరిచి ఉంటే కర్ణభేరికి లోపలా బయటా ఒత్తిడి కొంత సర్దుకుంటుంది. ఛాతీ ఎత్తి పెడితే నేల అదురు గుండెల దాకా అంతగా రాదు. 1965, 71 యుద్ధాలప్పుడు మన దేశంలో ఎన్నో బళ్లలో ఇదే నేర్పారు. చెవుల్లో దూది, పళ్ల మధ్య రుమాలు. కందకాలను వంకర టింకరగా తవ్వేవారు, ఒక మూల పేలుడు ఇంకో మూలకు పారకుండా.

ఈ జాగ్రత్తల వెనుక పసిప్రాణాలున్నాయి. 1917 జూన్ 13న లండన్ పోప్లార్‌లోని ఒక బడి మీద జర్మన్ విమానాలు పట్టపగలు వేసిన బాంబు కప్పు చీల్చుకుని చిన్నపిల్లల తరగతిలో పడింది. 18 మంది పోయారు, ఎక్కువమంది ఆరేళ్ల లోపువాళ్లే. ఆ రోజుల్లో అక్కడ ప్రమాదం తప్పిందని చాటడానికి స్కౌటు పిల్లలు బూరలూదేవారు. 1939 సెప్టెంబరులో అదే దేశం మూడు రోజుల్లో దాదాపు 15 లక్షల మందిని, ముఖ్యంగా పిల్లల్ని, తల్లుల్ని నగరాలు దాటించింది. మెడలో పేరు చీటీ, భుజాన గ్యాస్ మాస్కు పెట్టె.

మన తీరానికి ఆ భయం 1942 ఏప్రిల్ 6న వచ్చింది. జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. జనం పిల్లాపాపలతో పల్లెలకు తరలిపోయారు. 1971లో విశాఖ మళ్లీ దీపాలార్పింది, కిటికీలకు నల్లకాగితాలు అంటించింది.

నిజాం ఏలుబడిలోని తాండూరుకు అప్పట్లో సముద్రం చాలా దూరం. ఇప్పుడా మాట అనలేను. మా వికారాబాద్ జిల్లా దామగుండంలోనే, జలాంతర్గాములకు సంకేతాలు పంపే నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. కసరత్తు మా పిల్లలకూ రావాలి, కారణాలతో సహా.

"ఎప్పుడు లేవాలె తాతా?"

"సైరన్ మోత లేస్తూ పడుతూ ఉంటే ప్రమాదం. ఒకే తీరుగ సాగితే పోయినట్టు."

మోచేతుల మీద ఆనుకుని, నోరు తెరిచి కాసేపు ఉంది. తర్వాత తనే ఒకే తీరుగా ఊఁ అని ఊపిరి అయిపోయేదాకా మోగించి, లేచి గౌను దులుపుకుంది.