పదక్రీడల్లో చిన్న పదం – అర్థానికి గల స్థానం

ఉపోద్ఘాతం

మాటలతో ఆడే ఆటల్లో పెద్ద పదానికి మెప్పు దక్కుతుంది. ఆట చిక్కుల్లో పడినప్పుడు గట్టెక్కించేది మాత్రం చిన్న పదమే. అమెరికాలో పుట్టిన స్క్రాబుల్‌లోనూ, తెలుగువారి అవధానంలోనూ ఈ సంగతి ఒకే తీరుగా కనిపిస్తుంది. అయితే మొదటిదానిలో పదానికి అర్థం తెలియకున్నా ఆట సాగుతుంది. రెండవదానిలో అర్థం లేనిదే ఆట లేదు. ఈ భేదానికి గల కారణాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్క్రాబుల్: పట్టికగా మారిన పదం

ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే వాస్తుశిల్పి ఆర్థికమాంద్య కాలంలో ఉపాధి కోల్పోయి ఈ ఆట రూపకల్పనకు పూనుకున్నాడు. ఇంగ్లీషులో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో పత్రికల పుటల్లో లెక్కించి, దానినిబట్టి బిళ్ళల సంఖ్యను, విలువను నిర్ణయించాడు. 1948లో జేమ్స్ బ్రూనో దీనిని స్క్రాబుల్ పేరుతో విపణిలోకి తెచ్చాడు. పలకపై 225 గళ్ళు, సంచిలో 100 బిళ్ళలు ఉంటాయి. ఒక పదం పక్కనే మరో పదాన్ని సమాంతరంగా పేర్చినప్పుడు అడ్డంగా, నిలువుగా ఏర్పడే ప్రతి కూర్పూ పదమే కావాలి. కనుక రెండక్షరాల పదాలు తెలియనివారికి చాలా గళ్ళు మూసుకుపోయినట్లే.

ఏది పదం, ఏది కాదు అనే తగవులను తీర్చడానికి 1978లో క్రీడాకారుల కోసం ప్రత్యేక నిఘంటువు వెలువడింది. నాటినుండి పదం చెల్లుబాటుకు పట్టికే ప్రమాణమైంది. ఉత్తర అమెరికా పట్టికలో రెండక్షరాల పదాలు 2006 నాటికి 101, 2018 నాటికి 107 అయ్యాయి. జీవశక్తి అనే అర్థంలో చైనా భాషనుండి వచ్చిన ‘చీ’, పిజ్జాకు కుదింపైన ‘జా’ 2006లోనే చేరాయి. ఇంగ్లీషు వర్ణక్రమంలో మొదటిది ‘క్యూ’తోను, రెండవది ‘జెడ్’తోను ఆరంభమవుతుంది, పది పాయింట్ల బిళ్ళలు ఈ రెండే. ఆటగానికి కావలసింది ఆ విలువ, ప్రాణశక్తి భావన కాదు. న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాట్లాడడం రాకపోయినా, పదాలను కంఠస్థం చేసి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ విజేత కావడం ఈ పరిణామానికి పరాకాష్ఠ.

అవధానం: అర్థంతో తప్పించుకునే పదం

నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, రాబోయే పదాన్ని ఊహించి పృచ్ఛకుడు తరువాతి హల్లును నిషేధిస్తాడు. ఇక్కడ ఏకాక్షర పదం కవచం వంటిది. అవధాని ‘మా’ అన్నాడనుకుందాం. ‘మాధవ’ వస్తుందని పృచ్ఛకుడు ధకారాన్ని నిషేధిస్తే, ‘మా’ అంటే లక్ష్మి గనుక ‘మారమణ’ అనవచ్చు. రకారాన్ని నిషేధిస్తే ‘మావల్లభ’, వకారాన్ని నిషేధిస్తే ‘మానాథ’ సిద్ధంగా ఉన్నాయి. అన్నిటికీ అర్థం విష్ణువే. భూమి అనే అర్థం గల ‘క్ష్మా’ శబ్దం రాజు విషయంలో ఇలాగే ఉపకరిస్తుంది. ‘మా’ అంటే ఏమిటో తెలియనివారికి ఈ దారి దొరకదు.

ఈ సామగ్రి వెనుక సంస్కృత ఏకాక్షర కోశాల సంప్రదాయం ఉంది. పురుషోత్తమదేవుని ‘ఏకాక్షరకోశం’ అటువంటిది. ‘క’ అంటే బ్రహ్మ, నీరు, సుఖం. ‘ఖ’ అంటే ఆకాశం. ‘గో’ అంటే ఆవు, భూమి, వాక్కు, కిరణం. స్క్రాబుల్ పట్టిక పదం ఉందా లేదా అన్నంతవరకే తేలుస్తుంది. ఈ కోశాలు ఒక్క అక్షరానికి ఎన్ని అర్థాలున్నాయో వివరిస్తాయి.

దత్తపదిలోనూ ఇదే ధర్మం. పృచ్ఛకుడు వాహనం అనుకొని ‘కారు’ ఇస్తే, అవధాని దానిని ‘కారుచీకటి’లో ఇముడ్చవచ్చు, ‘వారు అల్పులు కారు’ అని క్రియగానూ మలచవచ్చు. రూపం పృచ్ఛకునిది, అర్థం అవధానిది.

తెలుగులో ‘చిన్న’ అంటే ఎంత?

స్క్రాబుల్ బిళ్ళపై ఉండేది వర్ణం. తెలుగువారి లెక్కలో అక్షరం వేరు. ‘స్త్రీ’ శబ్దంలో మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నా అది ఒకే అక్షరం. గళ్ళనుడికట్టులో ఒకే గడి. హల్లులు, గుణింతాలు, సంయుక్తాలు కలిస్తే అక్షరాలు వేలకు చేరుతాయి కనుక నూరు బిళ్ళల సంచి తెలుగుకు చాలదు. వర్ణాలను విడదీసి బిళ్ళలు చేస్తే ‘స్త్రీ’ నాలుగు బిళ్ళల పదమై, ఏకాక్షర పదం అనే భావనే చెదిరిపోతుంది.

దేశ్య ఏకాక్షరాలు సాధారణంగా దీర్ఘాలు: రా, పో, తే, లే, ఈ, ఆ, ఏ. ‘ఈ’ ఒక్కటే నిర్దేశవాచకం, ఇవ్వడమనే క్రియకు ధాతువు కూడా. కొన్ని సమాసంలోనే నిలుస్తాయి: పూదోటలో ‘పూ’, క్రీగంటలో ‘క్రీ’, మీగడలో ‘మీ’. వీటిలో పువ్వు, క్రిందు, మీదు అనే మాటలు దాగి ఉన్నాయి. ఒంటరిగా నిలిచే పదాలనే ఒప్పుకొనే పట్టికలో ‘క్రీ’కి చోటు దక్కదు.

ముగింపు

శబ్దరత్నాకరం (1885) వంటి నిఘంటువుల్లో చిన్న పదాలు అకారాది క్రమంలో పెద్ద పదాల నడుమ చెదిరి ఉంటాయి. వాటిని ఏరి కూర్చడం ఆటకే కాక భాషాబోధనకూ అవసరం. అయితే స్క్రాబుల్ నమూనాను యథాతథంగా స్వీకరించి అర్థాలు లేని జాబితా తయారుచేస్తే, పిల్లలు ‘క్రీ’ని గుర్తుంచుకోవచ్చునేమో గాని ‘క్రీనీడ’ను గ్రహించలేరు. అక్షరమే ప్రమాణంగా, ప్రతి పదానికీ అర్థం, సమాస ప్రయోగం జోడించిన పట్టిక తెలుగుకు తగినది. అవధాన సంప్రదాయం చూపుతున్న మార్గమూ అదే.