‘హౌండ్ డాగ్’ పాట అసలు ఎవరిది?

‘హౌండ్ డాగ్’ అనగానే అందరికీ ఎల్విస్ ప్రెస్లీనే గుర్తొస్తాడు కదా? కానీ అమెరికాలో ఆ పాటను 1952లోనే మొదట రికార్డ్ చేసింది బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని. 1953లో రిలీజై, ఆర్ అండ్ బీ చార్ట్‌లో 7 వారాలు నంబర్ 1గా ఉంది. తనకు దక్కింది మాత్రం 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆమె చెప్పేది.

1956లో అదే పాట ఎల్విస్ పాడాడు. ఆ రికార్డ్ పాప్ చార్ట్‌లో 11 వారాలు నంబర్ 1!

అయితే ఎల్విస్ దొంగేనా బ్రో? ఆగండి. ఆ పాట రాసింది లీబర్, స్టోలర్ అనే ఇద్దరు తెల్ల కుర్రాళ్లు. రాసిందేమో థార్న్‌టన్ కోసం! మరి రంగు చూసి పాట ఎవరిదో ఎలా తేలుస్తాం?

అసలు మెలిక మార్కెట్‌లో ఉంది. 1949 వరకు బిల్‌బోర్డ్ నల్లవాళ్ల పాటల చార్ట్‌ని ‘రేస్ రికార్డ్స్’ అనేది. తర్వాత పేరు మారింది, గోడ మాత్రం అలాగే ఉంది. ఆ గోడకి అవతల ఉన్న పెద్ద మార్కెట్ ఎల్విస్‌కి తెరుచుకుంది.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎల్విస్ 1986లో, మొదటి బ్యాచ్‌లోనే వెళ్లాడు. 1984లో చనిపోయిన థార్న్‌టన్‌కి ఆ గౌరవం 2024లో దక్కింది.

అందుకే ఇలాంటి గొడవ వచ్చినప్పుడు ఎవరు పాడారు అన్నదాంతో ఆగకండి. డబ్బు ఎవరికి వెళ్లింది, పేరు ఎవరికి వచ్చింది? అది కూడా అడగండి.