సగం గెలుపు మీద, సగం చోటు మీద: ఈచ్ వే పందెం నడిచిన దారి

1769 మే నెలలో ఇంగ్లండులోని ఎప్సమ్ మైదానంలో ఎక్లిప్స్ అనే గుర్రం తొలిసారి పోటీకి దిగి, మొదటి హీటును అవలీలగా గెలిచింది. రెండో హీటుకు ముందు డెనిస్ ఓకెల్లీ అనే ఐరిష్ జూదరి గుర్రాల వరుస మొత్తం ముందే చెబుతానని పందెం కాశాడట. ఎక్లిప్స్ మొదటిది, మిగతా వేటికీ చోటు లేదు, ఇదీ అతని జోస్యం. గెలిచిన గుర్రానికి 240 గజాల కంటే వెనకబడిన గుర్రాన్ని న్యాయనిర్ణేత లెక్కలోకి తీసుకోకపోవడం ఆనాటి నియమం. ఓకెల్లీ చెప్పినట్టే జరిగింది. గుర్రప్పందాల చరిత్రలో అందరూ చెప్పుకునే ఈ ఉదంతంలో నన్ను ఆకట్టుకునేది ఎక్లిప్స్ వేగం కాదు. గెలవని గుర్రానికీ ఒక చోటు ఉంటుంది, ఆ చోటును ఎవరో ఒకరు నిర్ణయించాలి, దాని మీద డబ్బు కాయవచ్చు అనే ఆలోచన అప్పటికే ఉందన్న సంగతి.

అయితే ఆ రోజుల్లో చాలా పందేలు ఇద్దరు యజమానుల మధ్య, రెండు గుర్రాల మధ్య నడిచేవి. ఒకటి గెలిస్తే రెండోది ఓడినట్టే. రెండో చోటుకు విలువ రావాలంటే బరిలో చాలా గుర్రాలుండాలి, ప్రతి గుర్రానికీ ఒక ధర చెప్పేవాడుండాలి. 1790ల్లో న్యూమార్కెట్ మైదానంలో హ్యారీ ఆగ్డెన్ ఆ పని మొదలుపెట్టాడు. బరిలోని ప్రతి గుర్రానికీ విడివిడిగా ధర చెప్పిన తొలి బుకీగా అతన్నే చెప్పుకుంటారు.

గుర్రాల సంఖ్య పెరగడానికి రవాణా తోడ్పడింది. 1836లో లార్డ్ జార్జ్ బెంటింక్ తన గుర్రం ఎలిస్‌ను నడిపించకుండా బండిలో ఎక్కించి డాంకాస్టర్‌కు చేర్చి సెయింట్ లెజర్ గెలిచాడు. వెనకే వచ్చిన రైళ్లు ఆ సౌకర్యాన్ని అందరికీ అందించాయి. ఇంతకన్నా పెద్ద మార్పు హ్యాండిక్యాప్ పందెం. బలమైన గుర్రం మీద ఎక్కువ బరువు, బలహీనమైన దాని మీద తక్కువ బరువు పెట్టి అన్నింటినీ దాదాపు సమం చేయడం దీని సూత్రం. 1855లో పబ్లిక్ హ్యాండిక్యాపర్‌గా నియమితుడైన అడ్మిరల్ రౌస్ ఈ విద్యకు ఒక క్రమం తెచ్చాడు. ఇరవై ముప్ఫై గుర్రాలు ఇంచుమించు సమాన బలంతో పరిగెత్తితే గెలిచేది ఏదో చెప్పడం కష్టం, ముందు వరుసలో ఏవి ఉంటాయో చెప్పడం కొంత సులువు. ఈచ్ వే పందేనికి అసలైన నేల ఇదే.

ఈచ్ వే అంటే ఒక పందెం కాదు, రెండు. 10 పౌండ్ల ఈచ్ వే అంటే మీ జేబులోంచి 20 పౌండ్లు వెళ్తాయి. అందులో సగం డబ్బు గుర్రం గెలుస్తుందని, మిగతా సగం అది నిర్ణీత స్థానాల్లో వస్తుందని. గుర్రం ధర 20/1 (అంటే పౌండుకు 20 పౌండ్ల లాభం), స్థానానికి ఆ ధరలో నాలుగో వంతు అనుకుందాం. గెలిస్తే మొదటి సగం 210 పౌండ్లు, రెండో సగం 60 పౌండ్లు, అసలుతో కలిపి 270 తిరిగొస్తాయి. రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో వస్తే గెలుపు సగం పోయి, 60 మాత్రమే వస్తాయి. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది తక్కువ ధర గుర్రాల దగ్గర. 3/1 గుర్రానికి స్థానం ధర ఐదో వంతు అయితే, అది రెండో స్థానంలో వచ్చినా 20 పౌండ్లకు 16 మాత్రమే తిరిగొస్తాయి. స్థానం దొరికినా నష్టమే!

ఈ పందెం సామాన్యుల చేతికి చేరడానికి చట్టం చాలాకాలం అడ్డుపడింది. 1853 చట్టం పందెపు గృహాలను, 1906 చట్టం వీధి పందేలను నిషేధించాయి. డబ్బున్నవాళ్లు బుకీ దగ్గర ఖాతా పెట్టుకుని ఉత్తరంతోనో తంతితోనో పందెం కాసుకున్నారు. కార్మికుడు సందులో నిలబడ్డ మనిషి చేతిలో చీటీ పెట్టాడు. ఒకే పనికి ఒకరికి హక్కు, మరొకరికి శిక్ష. ఇది ఏ కోణంలో చూసినా అన్యాయమే. 1960 చట్టం దాన్ని సరిదిద్దింది, 1961 మే 1న లైసెన్సు పొందిన పందెపు దుకాణాలు తెరుచుకున్నాయి.

ఈలోగా మరో రెండు మార్పులు వచ్చాయి. 1928 చట్టంతో వచ్చిన టోట్ 1929 జూలైలో న్యూమార్కెట్, కార్లైల్‌లలో పని మొదలుపెట్టింది. అందరి డబ్బూ ఒకచోట చేర్చి, ఖర్చులు తీసి, నెగ్గినవాళ్లకు పంచే ఈ పద్ధతిలో స్థానానికి వేరే నిధి ఉంటుంది. స్థానం ధర గెలుపు ధర మీద ఆధారపడదు, జనం ఆ నిధిలో ఎంత పెట్టారన్న దాన్నిబట్టి తేలుతుంది. రెండోది ఫొటో ఫినిష్ కెమెరా. 1947 ఏప్రిల్‌లో ఎప్సమ్‌లో దాన్ని తొలిసారి వాడింది విజేతను కాదు, రెండో స్థానాన్ని తేల్చడానికి.

దుకాణాల కాలంలో బ్రిటన్ అంతటా ఒక ప్రామాణిక పట్టిక స్థిరపడింది. నాలుగు గుర్రాల వరకూ గెలుపు మాత్రమే. ఐదు నుంచి ఏడుంటే రెండు స్థానాలు, నాలుగో వంతు. ఎనిమిదీ ఆపైన అయితే మూడు స్థానాలు, ఐదో వంతు. హ్యాండిక్యాప్‌లలో పన్నెండు నుంచి పదిహేనుంటే మూడు స్థానాలకు నాలుగో వంతు, పదహారూ ఆపైన అయితే నాలుగు స్థానాలకు నాలుగో వంతు.

ఈ పట్టికలో ఒక బలహీనత దాగుంది. పదిహేను సమాన గుర్రాలున్నాయనుకోండి. ఒక్కోదాని న్యాయమైన ధర 14/1. మూడు స్థానాల్లో ఒకటి దక్కే అవకాశం ఐదింట ఒకటి, అంటే న్యాయమైన స్థానం ధర 4/1. బుకీ ఇచ్చేది మూడున్నర. మరో గుర్రం చేరి పదహారయితే ధర 15/1, నాలుగు స్థానాల్లో ఒకటి దక్కే అవకాశం నాలుగింట ఒకటి, న్యాయమైన స్థానం ధర 3/1. బుకీ ఇచ్చేది మూడుముప్పావు! ఒక్క గుర్రం తేడాతో మొగ్గు ఆటగాడి వైపు తిరిగింది. నిజమైన పందెంలో గుర్రాలు ఇంత సమానంగా ఉండవు, ధరల్లో బుకీ లాభం కలిసే ఉంటుంది. అయినా లెక్క తెలిసినవాళ్లు పదహారు గుర్రాల హ్యాండిక్యాప్‌ల కోసం, బలమైన ఫేవరెట్ ఉన్న ఎనిమిది గుర్రాల పందేల కోసం ఎందుకు కాచుకుంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది. అలాంటివాళ్ల ఖాతాల్లో పందెం మొత్తాన్ని కంపెనీలు కుదించడానికీ కారణం ఇదే.

అదనపు స్థానాల కాలం ఇంటర్నెట్‌తో వచ్చింది. 2000లో బెట్‌ఫెయిర్ మొదలై ఆటగాళ్లే ఒకరితో ఒకరు పందెం కాసుకునే ఎక్స్‌ఛేంజీ తెచ్చింది. దాంతో స్థానానికి అసలు ధర ఎంతో అందరికీ కనిపించసాగింది. 2001లో ఆటగాడి మీద పన్ను పోయింది. 2005 జూద చట్టం 2007లో అమల్లోకి వచ్చి టీవీ ప్రకటనలకు దారి తెరిచింది. ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారడం వేలి కొనతో అయిపోయే పనైంది. కస్టమర్‌ను నిలుపుకోవడానికి ధర పెంచడం ఖరీదైన పని, ఇంకో స్థానం కలపడం చవక, పైగా చూపుకు ఘనంగా ఉంటుంది. 2024 నుంచి గరిష్ఠంగా 34 గుర్రాలు దిగే గ్రాండ్ నేషనల్‌కు మామూలుగా నాలుగు స్థానాలైతే, ఆరు, ఏడు, ఎనిమిది ఇస్తామనే ప్రకటనలు ఇప్పుడు సర్వసాధారణం.

ఇది ఉచితం కాదు. ఒకచోట 20/1, నాలుగు స్థానాలు, నాలుగో వంతు. మరోచోట అదే గుర్రానికి 16/1, ఐదు స్థానాలు, ఐదో వంతు అనుకుందాం. 10 పౌండ్ల ఈచ్ వే మీద గుర్రం గెలిస్తే మొదటిచోట 270, రెండోచోట 212. రెండు నుంచి నాలుగో స్థానం వరకూ మొదటిచోట 60, రెండోచోట 42. సరిగ్గా ఐదో స్థానంలో వస్తేనే రెండోది మేలు. ధర, వంతు తగ్గకుండా ఐదో స్థానం ఇస్తే మాత్రం అది నిజమైన ఔదార్యమే, వదులుకోనక్కర్లేదు.

మనకు ఈ లోకం మరీ కొత్తదేం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో 1886లో హైదరాబాద్ గుర్రప్పందేలు మలక్‌పేటకు చేరాయి. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. మలక్‌పేట టోట్‌లో విన్, ప్లేస్ వేర్వేరు టిక్కెట్లు కనుక ఎంత డబ్బు దేని మీద పెట్టామో కొనేవాడికి స్పష్టంగా తెలుస్తుంది. ఈ విషయంలో టోట్ పద్ధతే నిజాయితీగా ఉందని నా అభిప్రాయం. బ్రిటన్‌లో ఉంటూ ఏడాదికోసారి గ్రాండ్ నేషనల్ సరదాకు డబ్బు పెట్టే మనవాళ్లకు చెప్పేది ఒక్కటే: ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉన్న స్థానాల సంఖ్య దగ్గర ఆగకండి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న వంతును, పక్కనున్న ధరను కూడా చదవండి. పెట్టేది పోయినా ఇంటికి కష్టం రాని డబ్బే అయి ఉండాలి.