తుమ్మపూడిలో రంగులు, ఉత్తరాలు

దుగ్గిరాలలో రైలు దిగగానే ముక్కుకు తగిలేది పసుపు. మార్కెట్ యార్డులో కొమ్ము ఒక రాశి, కాయ ఒక రాశి. వేలం కేకలు. బస్తాలు మోసేవాళ్ల చేతులు, చొక్కాలు, చివరికి కనురెప్పలూ పచ్చగా ఉంటాయి. ఒక్క క్షణం ఆగి ఆ పచ్చదనం చూడండి. ఎండలో ఒక పసుపు, నీడలో మరో పసుపు. ఇప్పుడు తుమ్మపూడి దారి పట్టండి.

అలా చూడడం తెలుగువాళ్లకు నేర్పిన మనిషి ఊరు అది. కవి, చిత్రకారుడు, వ్యాసకర్త సూర్యదేవర సంజీవదేవ్ 1914లో అక్కడే పుట్టారు.

ఆయన యౌవనంలోకి వెళదాం. కొండంటే మంగళగిరి కొండే అనుకునే డెల్టా పల్లె నుంచి బయల్దేరి హిమాలయాల్లో తిరుగుతున్నాడాయన. కులూ లోయలో, నగ్గర్‌లో, రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ ఇంట అతిథి. బయట మంచుకొండలు, లోపల అవే కొండలు రోరిక్ నీలాల్లో. కిటికీకీ పటానికీ మధ్య నిలబడిన ఆ కుర్రవాడి కళ్లు ఎటు తిరిగి ఉంటాయో ఊహించండి! లక్నోలో చిత్రకారుడు అసిత్ కుమార్ హల్దార్ స్నేహం దొరికింది. అదీ బొమ్మల లోకమే.

అంత చూసి కూడా ఆయన తుమ్మపూడికే తిరిగొచ్చారు. ఏ మహానగరంలోనో ఉండిపోతే ఇంకా పెద్ద పేరు వచ్చేదంటారు. నాకు అలా అనిపించదు. చిత్రశాల గడప తొక్కని పాఠకులకు రేఖ గురించి, రంగు గురించి, లయ గురించి తెలుగులో విప్పి చెప్పడానికి ఆ పల్లె ఇల్లే సరిపోయింది.

ఇదిగో, ఆయన రాతబల్ల దగ్గరికి వచ్చేశాం. పక్కన రంగులు, ముందు ఉత్తరాలు. ఆయన రాసినంత ప్రేమగా ఉత్తరాలు రాసినవాళ్లు మనలో అరుదు. పేరున్న పండితుడికి ఎంత శ్రద్ధగా రాస్తారో, ముఖమైనా చూడని కుర్ర పాఠకుడికీ అంతే శ్రద్ధగా జవాబు. మబ్బు గురించి మొదలైన వాక్యం చిత్రకళ మీదుగా తత్త్వంలోకి వెళుతుంది, ఎక్కడా బరువనిపించదు. ఆ ఉత్తరాలు తరవాత పుస్తకంగానూ వచ్చాయి. ఆయన సాహిత్యంలో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేవి అవే.

ఆయన 1999లో కన్నుమూశారు. కొత్తగా చదివేవాళ్లు ఆయన ఆత్మకథ 'తెగిన జ్ఞాపకాలు'తో మొదలుపెట్టండి. 'స్మృతిబింబాలు', 'గతంలోకి' ఆ తరవాత. తొందరపడకుండా, రోజుకు కొన్ని పేజీలు.