నూనె దాచుకునే బాక్టీరియా: ఒక జీనోం కథ



నూనె అనగానే మనకు వేరుశనగ, నువ్వులు, ఆముదం గుర్తొస్తాయి. మొలకెత్తేనాటి అవసరం కోసం గింజ దాచుకున్న ఆహారమే ఆ నూనె. మట్టిలో బతికే రోడోకాకస్ ఒపాకస్ అనే బాక్టీరియా కూడా ఇలాగే నూనెను దాచుకుంటుంది. 1996లో ఆల్వారెజ్, స్టైన్‌బుకెల్ బృందం జర్మనీలో పిడి630 అనే దాని రకాన్ని పరీక్షించింది. ఆ కణాల పొడి బరువులో 76 శాతం దాకా కొవ్వు ఆమ్లాలే ఉన్నాయి!

ఎందుకిలా దాచుకుంటుంది? కణం పెరిగి విభజన చెందాలంటే ప్రోటీన్లు కావాలి. ప్రోటీన్లకు నత్రజని కావాలి. ఆహారం పుష్కలంగా ఉన్నా నత్రజని కరువైతే కణం పెరగలేదు. అప్పుడు మిగిలిన కర్బనాన్ని నూనె బిందువులుగా మార్చి నిల్వ చేస్తుంది.

మరి ఈ పని చేయించే జన్యువు ఏది? 2008లో ఏటీఎఫ్1 అనే జన్యువును పనిచేయకుండా చేసి చూశారు. నూనె తగ్గింది కాని, ఆగిపోలేదు. అంటే ఆ పని ఒక్క జన్యువుది కాదు. మొత్తం జీనోంను చదవవలసిందే.

జీనోంను చదవడమంటే డీఎన్ఏలోని నాలుగు రకాల క్షారాల వరుసను తెలుసుకోవడం. 1995లో తొలిసారిగా హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అనే బాక్టీరియా జీనోంను పూర్తిగా చదివారు. అందులో సుమారు 18.3 లక్షల క్షార జతలున్నాయి. 2006లో పిడి630కి దగ్గరి బంధువైన ఆర్‌హెచ్ఏ1 జీనోం వెలువడింది. అందులో సుమారు 97 లక్షలు. 2011లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులు పిడి630 జీనోంను చదివి, ఇతర బాక్టీరియాల జీనోంలతో పోల్చారు. నూనె తయారీ, వినియోగాలతో సంబంధం ఉండగల 261 జన్యువులను గుర్తించారు. 2014లో చైనా శాస్త్రజ్ఞులు పూర్తి క్రమాన్ని ప్రకటించారు: ఒక క్రోమోజోమ్, 9 ప్లాస్మిడ్లు.

ఇంత శ్రమ ఎందుకు? వంటనూనెతో బయోడీజిల్ చేస్తే వాహనం వంటింటితో పోటీపడుతుంది. పంట వ్యర్థాలలోని చక్కెరలతో బాక్టీరియాను పెంచితే ఆ పోటీ ఉండదు. అయితే గడ్డిలో దండిగా దొరికే జైలోజ్ చక్కెరను పిడి630 సహజంగా వాడుకోలేదు. వేరే బాక్టీరియా జన్యువులు చేర్చి ఆ శక్తిని కలిగించారు. అయినా నిరంతరం గాలి అందించడం, కణాలను పగలగొట్టి నూనె తీయడం ఖర్చుతో కూడిన పనులు.

జీనోం మన చేతికిచ్చింది జన్యువుల జాబితా మాత్రమే. ఏది ఏ పని చేస్తుందో ప్రయోగాలతో ఒక్కొక్కటిగా తేల్చాలి.

ఒక ప్రశ్న ఆలోచించండి. నత్రజని ఉంటే కణాలు పెరుగుతాయి, కరువైతే నూనె పెరుగుతుంది. మనకు రెండూ కావాలి. నత్రజనిని ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి?