నడిగడ్డలో ఇంగ్లీషు వ్యాకరణం

ధరూరు గద్వాలకు దగ్గరి ఊరు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న ఈ నేలను నడిగడ్డ అంటారు. జూరాల ఆనకట్ట ఉన్నది ఈ మండలంలోని రేవులపల్లి దగ్గరే. 1956 నవంబరు దాకా గద్వాల, ఆలంపూరు తాలూకాలు హైదరాబాదు రాజ్యపు రాయచూరు జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో అవి మహబూబ్‌నగరులో కలిశాయి. 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా వేరుపడింది. ఇంటిలో తెలుగు, జిల్లా కేంద్రానికి పోతే కన్నడం, కచేరీలో ఉర్దూ. పాతకాలపు నడిగడ్డ విద్యార్థికి ఇంగ్లీషు నాలుగవ భాష.

వ్యాకరణం మాత్రం ఈ సీమకు కొత్తది కాదు. గద్వాల సంస్థానం పండితులను పోషించిన సంస్థానం. దానికి ‘విద్వద్గద్వాల’ అని పేరు. సూత్రాలు వల్లెవేసి, ప్రయోగం సాధువా అసాధువా అని గంటల కొద్దీ వాదించుకున్న గడ్డ మీదికి ఇంగ్లీషు వ్యాకరణం వచ్చింది. అది ఏ దారిన వచ్చింది, ఎవరి చేతిమీదుగా వచ్చింది అన్నది ఇక్కడ నాకు ముఖ్యం. అక్షరాలు, చిన్న వాక్యాలు దాటి, ఇంకా ధైర్యంగా మాట్లాడలేని మధ్యమెట్టు మీద మనవాళ్ళు ఎందుకు ఆగిపోతారో ఆ దారిని చూస్తే కొంత తెలుస్తుందని నా నమ్మకం.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది; మరుసటి ఏడు తరగతులు మొదలయ్యాయి. బోధన ఉర్దూలో, ఇంగ్లీషు తప్పనిసరి భాష. దానికి తగినట్లే నిజాం రాజ్యంలో పై తరగతుల చదువంతా ఉర్దూ దారి పట్టింది. అది వద్దనుకున్నవారు నదులు దాటి పోవలసిందే. ఈ సీమలోనే, బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు బి.ఏ. చదవటానికి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళారు. వెళ్ళలేనివారు నామవాచకాన్ని ‘ఇస్మ్’ అనీ, క్రియను ‘ఫేల్’ అనీ, కర్తను ‘ఫాయిల్’ అనీ, కర్మను ‘మఫూల్’ అనీ నేర్చుకుని, ఆ మాటల మీదుగా ఇంగ్లీషు వాక్యాన్ని విప్పుకోవలసి వచ్చింది.

దీనిని అన్యాయమనే మనం చెప్పుకుంటూ వచ్చాము. తన భాషలో చదువుకునే హక్కు విషయంలో అది అన్యాయమే. అందులో నాకు సందేహం లేదు. అయితే వ్యాకరణం వరకే చూస్తే ఒక చిత్రం కనిపిస్తుంది.

తెలుగులో ‘ఉత్తరం రాశాను’ అంటాము. నిన్న రాసినా, ఇప్పుడే రాసి ముగించినా అదే మాట. ఇంగ్లీషు దీనిని రెండుగా చీలుస్తుంది: ‘ఐ రోట్’, ‘ఐ హావ్ రిటెన్’. మధ్యమెట్టు విద్యార్థి మొట్టమొదట బోల్తాపడేది ఇక్కడే. ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ అని రాసి, తప్పెక్కడో తెలియక తల పట్టుకుంటాడు. ఉర్దూలో మాత్రం ఈ చీలిక ఉంది. ‘మైనే ఖత్ లిఖా’ ఒకటి, ‘మైనే ఖత్ లిఖా హై’ మరొకటి. ఉర్దూ వ్యాకరణాలు మొదటిదానిని మాజీ ముత్లక్ అంటాయి, రెండవదానిని మాజీ కరీబ్ అంటాయి. అంటే దగ్గరి గతం. ‘లిఖా థా’ అనేది మాజీ బయీద్, దూరపు గతం. ఇంగ్లీషువాడి ప్రెజెంట్ పర్ఫెక్టుకూ పాస్ట్ పర్ఫెక్టుకూ ఇంతకన్న అందమైన పేర్లు నేను చూడలేదు.

మరొకటి. ‘నేను రాస్తాను’ అంటే రోజూ రాస్తానా, రేపు రాస్తానా? తెలుగు క్రియ చెప్పదు, సందర్భం చెప్పాలి. ఉర్దూలో ‘లిఖ్తా హూఁ’ వేరు, ‘లిఖూంగా’ వేరు. ఇంగ్లీషులోనూ అంతే. కనుక ఉర్దూ బడిలో కూర్చున్న తెలుగు పిల్లవానికి, వాని ఇంటిభాషలో లేని రెండు అరలు, ఇంగ్లీషు చేరకముందే సిద్ధంగా ఉన్నాయి. ఆ నిచ్చెనకూ కొన్ని మెట్లు లేవనుకోండి. ‘నిన్న’ అనే మాట పక్కన ఉంటే ‘హావ్’ వాడరాదన్న నియమాన్ని ఉర్దూ అంత గట్టిగా నేర్పదు. పైగా నిన్నకూ రేపటికీ కలిపి ‘కల్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే భాష అది! ‘ఎ’, ‘ది’ల సంగతిలో తెలుగూ ఉర్దూ రెండూ చేతులెత్తేస్తాయి.

1948 సెప్టెంబరు తరువాత ఉర్దూ వెనుకకు తగ్గింది. 1956 తరువాత ఇక్కడి బడులు తెలుగు బడులయ్యాయి. కావలసినదే జరిగింది. కాని ఉర్దూ పంతులు బల్లమీద రాసిన మూడు గతాల పట్టికను తెలుగు పంతులు తెలుగులోకి మార్చుకోలేదు. దాని స్థానంలో రెన్ అండ్ మార్టిన్ వచ్చింది.

ఆ పుస్తకం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోదగినవి. దానికి ముందు మన దేశమంతటా నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు ఏలాయి. ఆయన ఉత్తరాదిన విద్యాశాఖలో ఉద్యోగి. పి.సి. రెన్ బొంబాయి రాజధానిలో విద్యాశాఖలో పనిచేసినవాడు. ఎడారి సైనికుల మీద ‘బో జెస్ట్’ అనే నవల 1924లో రాసి లోకప్రసిద్ధుడైనది ఆయనే. మార్టిన్‌తో కలిసి ఆయన చేసిన హైస్కూలు వ్యాకరణం 1930లలో వెలువడింది. ఇక్కడి ఇంగ్లీషు అధికారుల పిల్లల కోసం రాశారని చెబుతారు. తరువాతి కాలంలో దానిని సవరించి, పెంచి, దేశమంతా చదివే రూపానికి తెచ్చినవారి పేరు ఎన్.డి.వి. ప్రసాదరావు, అట్ట మీద చూస్తే మన పేరే. అయినా పుస్తకంలో తెలుగువాడు పడే గోతుల ప్రస్తావన లేదు, ఉండే అవకాశమూ లేదు. అది తమిళునికీ పంజాబీకీ ఒకే పుస్తకం కదా.

దాని అభ్యాసాలు గుర్తు చేసుకోండి: వాయిస్ మార్చుము, నెరేషన్ మార్చుము. ఇచ్చిన వాక్యాన్ని తిరగేయటమే పని. ఆ వాక్యం ఎప్పుడు కావాలన్న ప్రశ్న రాదు. ప్యాసివ్ వాయిస్‌కు మనం ‘బడు’ అతికించి ‘గేట్లు ఎత్తబడినవి’ అని చదువుకున్నాము. ధరూరులో ఎవరూ అలా మాట్లాడరు. వరద వచ్చిన రోజున ‘జూరాల గేట్లు ఎత్తారు’ అంటారు. ఎత్తినదెవరని ఎవరూ అడగరు, చెప్పరు. కర్త లేని ఈ ‘ఎత్తారు’ అన్నదే మన భాషలో ఇంగ్లీషు ప్యాసివ్ చేసే పని చేస్తున్నది. ‘నీళ్ళు వదిలారు’, ‘బస్సు ఆపేశారు’, ‘జీతాలు వేశారు’: ఇలాంటి పది వాక్యాలను ఇంగ్లీషులో పెట్టిస్తే పిల్లవానికి ప్యాసివ్ ఎందుకో తెలుస్తుంది. ‘రాముడు రావణుని చంపెను’ను తిరగేసినందువల్ల తెలియదు.

నెరేషన్ సంగతి ఇంకా ఆసక్తికరం. ‘తాను రేపు వస్తానన్నాడు’ అంటాము. ఇక్కడ ‘తాను’ ప్రథమ పురుష, ‘వస్తాను’ ఉత్తమ పురుష. చెప్పినవాని మాటను చెక్కు చెదరకుండా ‘అని’ అనే సంచిలో వేసి అందిస్తున్నాము. కాలమూ మారదు, రేపు కూడా మారదు. ఇంగ్లీషులో పురుష మారాలి, కాలం వెనుకకు జరగాలి, రేపు ‘నెక్స్ట్ డే’ కావాలి. ‘హి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో’ అని రాసిన పిల్లవాడు తెలివి తక్కువవాడు కాడు. తన భాష నియమాన్ని తు.చ. తప్పక పాటించినవాడు. ఆ మాట వానికి ఎవరైనా చెప్పాలి.

ఎదురుదారిలో ఈ పని ఏనాడో జరిగింది. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చుకుని, 1840లో ఇంగ్లీషువారి కోసం తెలుగు వ్యాకరణం అచ్చు వేయించాడు. తన జాతివారు తెలుగులో ఎక్కడ తడబడతారో తాను తడబడి తెలుసుకున్నవాడు కనుక, అక్కడ దీపం పెట్టగలిగాడు. తెలుగువాడు ఇంగ్లీషులో ఎక్కడ తడబడతాడో చెప్పే అటువంటి పుస్తకం మన బడులకు పాఠ్యగ్రంథంగా రాలేదు.

హైదరాబాదులో 1958లో కేంద్ర ఇంగ్లీషు సంస్థ వెలిసింది. 1972లో సీఫెల్, 2007లో ఇఫ్లూ అయింది. ఆ రోజుల్లో స్ట్రక్చరల్ పద్ధతి రాజ్యమేలింది. వాక్య నమూనాలు చిలకపలుకులుగా అప్పగించటం, తరగతిలో మాతృభాష వినబడకుండా చూడటం. 1979 నుండి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు కేంద్రంగా దక్షిణాది బడుల్లో మరొక ప్రయోగం చేశారు. పిల్లల మనసు అర్థం మీద, చేయవలసిన పని మీద ఉంటే వ్యాకరణం తానే వస్తుందని ఆయన వాదం. ప్రపంచమంతా చర్చించిన ప్రయోగమది. నడిగడ్డ పంతులు దాకా అది వచ్చిన జాడ నాకు కనబడలేదు.

తెలుగువాని తడబాటును తెలుగులోనే విప్పి చెప్పే పని చివరకు పత్రికలు చేశాయి. రెండువేల దశకంలో ఈనాడులో ఎం. సురేశన్ గారి స్పోకెన్ ఇంగ్లిష్ పాఠాలు చదివినవారికి నేను చెప్పనక్కరలేదు. ‘మనం ఇలా అంటాము, వాళ్ళు అలా అంటారు’ అని పక్కపక్కన పెట్టి చూపటం వాటి బలం. రాపిడెక్స్ పుస్తకం అంతకు ముందే ఇంటింటా ఉండేది గాని, అది వాక్యాలు ఇచ్చింది, కారణాలు తక్కువగా చెప్పింది.

ఇక ఇటీవలి సంగతి. 2008లో సక్సెస్ పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు మీడియం సమాంతరంగా మొదలైంది. తెలంగాణలో 2022-23 నుండి ప్రభుత్వ బడులన్నిటిలో ప్రవేశపెట్టారు. 2011 జనాభా లెక్కల ప్రకారం గద్వాల జిల్లాగా మారిన ఈ ప్రాంతంలో అక్షరాస్యులు సగానికి లోపే. సీడు పత్తి చేలల్లో క్రాసింగు పని సాగే వానాకాలంలో ఇక్కడి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బడి మానటం ఏళ్ళ తరబడి అందరికీ తెలిసిన విషయం. టెన్సుల పాఠాలు జరిగే నెలలూ అవే కావచ్చు. చేను నుండి తిరిగి వచ్చిన పిల్లకు ఇంట్లో ఇంగ్లీషు చెప్పేవారు లేరు. బడిలో తెలుగులో చెప్పటం తగదంటారు. ఉర్దూ కాలంలో పరాయిదైనా ఒక నిచ్చెన ఉండేది. ఈ పిల్లకు సొంత భాష నిచ్చెనగా ఉండగా దానిని గోడ వెనుక దాచటం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

దాచకపోతే ఏమి దొరుకుతుందో ఒకటి చూపుతాను. ‘పుస్తకం తెచ్చింది’, ‘పుస్తకాన్ని తెచ్చింది’ అనే రెండు మాటలకూ తేడా ఆ పిల్లకు చెప్పకుండానే తెలుసు. రెండవ దానిలో అది ఏ పుస్తకమో మనకు ముందే తెలిసినది. చాలా చోట్ల ఆ ‘ని’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ది’ పడుతుంది, లేనిచోట ‘ఎ’ పడుతుంది. అన్ని చోట్లా కాదు. అయినా ఆర్టికల్సు మీద నేను చూసిన అభ్యాసాలన్నిటికన్న ఇది దగ్గరి దారి.

అన్నట్టు, ‘మీ ఇంట్లో నువ్వు ఎన్నోదానివి?’ అన్న ప్రశ్నను ఇంగ్లీషులో అడగటం ఎలాగో ఏ వ్యాకరణంలోనూ ఉండదు. ఆ భాషలో ‘ఎన్నో’ అనే మాట లేదు. మీ కన్న పెద్దవాళ్ళు ఎందరని అడిగి, వచ్చిన జవాబుకు ఒకటి కలుపుకోవాలి.